తోపుడు బండాయన

ఆయనకు తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఉండే ఉంటుంది. అది కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా కనపడదు. వీధిలో అందరూ ఆయన్ని తోపుడు బండాయన అంటారు. అలాగని ఆయనేం కూరగాయలు పెట్టుకుని తోసుకుంటూ తిరిగే మనిషి కాదు. ఇంజినూ హారనూ ఉన్న నాలుగు చక్రాల పికప్ బండికి యజమాని. జనం ఇల్లు మారితే మంచాలూ బీరువాలూ ఎక్కించి దింపే పని ఆయనది. బండి వయసు ఆయన వయసుకన్నా ఎక్కువే. ముందు రెండు గుండ్రటి దీపాలు, ఉబ్బిన బుగ్గల్లాంటి మడ్‌గార్డులు, వెనక చెక్క బాడీ. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, కాని తోస్తేగాని కదలదు.

పొద్దున ఆయన సీట్లో కూర్చుని తలుపు ధడాలున వేశాడంటే చాలు, ఆ చప్పుడుకి వీధి వీధంతా బయటికి వచ్చేది. ఎదురింటి టైలరు మెడలో టేపుతోనే వచ్చేవాడు. పక్కింటి టీచరమ్మ, ఎలాగూ స్కూలుకి అటే పోవాలి కదా అని సంచీ భుజాన వేసుకుని ఓ చెయ్యి వేసేది. "పట్టండర్రా!" అని టైలరు కేక. అందరి చేతులూ వెనక తలుపు మీద. బండాయన రెండో గేరులో క్లచ్ వదిలితే బండి దగ్గి, తుమ్మి, అందరి మొహాన నల్లటి పొగ కొట్టి కదిలేది. ఆ కాస్త దూరం తోసేలోపే ఎవరి కోడలు అలిగిందో, ఎవరింట్లో కుళాయి రావడంలేదో వీధికంతా తెలిసిపోయేది. ఆ వీధిలో పేపరు వేయించుకునేవాళ్ళు చాలా తక్కువ.

ఒకసారి అంటుకున్నాక మాత్రం ఆయన బండిని ఎక్కడా ఆపడు. ఆపితే ఆగిపోతుంది. ఇది ఆయనకు వేదవాక్కు. బీరువా దింపుతున్నంతసేపూ ఇంజిన్ గుడగుడలాడుతూనే ఉండాలి. దారిలో తెలిసినవాళ్ళు కనిపిస్తే కదిలే బండిలోంచే పలకరిస్తాడు, జవాబు వెనకాల ఎక్కడో పడిపోతుంది. మరీ తప్పనిసరైతే ఏటవాలు వెతుక్కుని, చక్రాల కింద రెండు రాళ్ళు పెట్టి ఆపుతాడు. నది ఒడ్డున ఏరి తెచ్చుకున్న నున్నటి రాళ్ళవి. సీటు కింద గోనెపట్టా పరిచి వాటిని దాచుకుంటాడు. ఆ రాళ్ళకున్న మర్యాద ఇంట్లో తనకు లేదని ఆయన భార్య అంటుంది. బండిని ఆవిడ సవతి అంటుంది.

ఆ సవతి ఒకనాడు ఆవిడ పరువు నడిరోడ్డున తీసింది. పదేళ్ళ పైమాటే. వంతెన అవతల ఆవిడ చెల్లెలు కొత్త ఇంట్లోకి మారింది. సామానంతా బావగారి బండిలోనే వెళ్ళింది కనుక, సర్దుకోవడం అయ్యాక అక్కనీ బావనీ భోజనానికి పిలిచింది. ఆవిడ కొత్త బట్టలు కట్టుకుని, చెల్లెలికి ఇష్టమైనవి రెండు వండి క్యారియరులో పెట్టుకుని బండెక్కింది. బండిలో సీటు ఒకటే పొడుగు బెంచీ. అవతలి తలుపు మలుపుల్లో దానంతటదే తెరుచుకుంటుంది కనుక ఆవిడ ఎప్పుడూ మధ్యలో, ఆయన భుజానికి భుజం ఆనించి కూర్చునేది. గేరు రాడ్డు స్టీరింగు పక్కనే ఉండేది, కాబట్టి మధ్యలో కూర్చుంటే కాళ్ళకేమీ అడ్డం ఉండేది కాదు.

సరిగ్గా వంతెన నడిమధ్యన బండి చచ్చింది.

"కాస్త దిగి ఓ చెయ్యి వెయ్యవే" అన్నాడాయన.

ఆవిడ క్యారియరూ పర్సూ సీటు మీద పెట్టి దిగింది. దారిన పోయే ఇద్దరు ముగ్గురు సాయం పట్టారు. బండి అంటుకుంది. మరి అంటుకున్న బండిని ఆపుతాడా? పోనిచ్చాడు. వంతెన దిగాక తిప్పుకుని వద్దామనుకుంటే తిప్పే చోటు దొరకలేదు. అలా అలా మరదలి ఇంటి దాకా వెళ్ళిపోయి, ఇంజిన్ ఆపకుండా కిటికీలోంచి తల బయట పెట్టి "మీ అక్క వంతెన మీద ఉండిపోయింది!" అని అరిచాడు. ఏం విన్నదో ఏం అర్థం చేసుకుందో ఆ మహాతల్లి, గుండెలు బాదుకుంటూ రోడ్డు మీదికి పరిగెత్తింది.

ఆయన తిరిగొచ్చేసరికి వంతెన మీద భార్య లేదు. చేతిలో పైసా లేకుండా, మసి కొట్టుకున్న కొత్త బట్టలతో, మిట్టమధ్యాహ్నం ఎండలో నడిచి ఇంటికి పోయింది. సాయంత్రం ఆయన క్యారియరు పట్టుకుని పిల్లిలా గుమ్మంలోకి వస్తే ఒక్కటే మాట అంది.

"ఇంకెప్పుడూ నన్ను ఆ బండి ఎక్కమని అడక్కండి."

అంతే. తిట్టలేదు, ఏడవలేదు. తిట్టి ఉంటే బాగుండేదని ఆయన ఇప్పటికీ తన స్నేహితుడు, లేతు మిషను నడిపే మేస్త్రి దగ్గర వాపోతూ ఉంటాడు. అప్పటినుంచీ ఆవిడ చెల్లెలింటికి బస్సులోనే వెళ్ళింది. ఈమధ్య మోకాళ్ళు అరిగిపోయి బస్సు మెట్లు ఎక్కలేక అదీ మానేసింది. అక్కాచెల్లెళ్ళిద్దరూ వంతెనకి చెరోవైపు ఫోన్లు పట్టుకుని "నువ్వు రా" అంటే "నువ్వే రా" అని దెప్పుకోవడమే మిగిలింది. ఆ చెల్లెలికీ మోకాళ్ళే మరి. కూతురు టాక్సీ పిలుస్తానంటే ఆవిడ ఒప్పుకోదు. "ఇంటి ముందు బండి పెట్టుకుని అద్దె బండిలో దిగితే మా చెల్లెలు ఏమనుకుంటుంది?" అంటుంది. ఇంటి ముందు బండి ఎక్కదు, అద్దె బండి పిలవనివ్వదు. ఆవిడ పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

ఒకరోజు ఫోను పెట్టేశాక ఆవిడ వంటింట్లో గోడకేసి తిరిగి కళ్ళు తుడుచుకోవడం ఆయన చూశాడు. చూడనట్టు షెడ్డులోకి వెళ్ళిపోయాడు. ఆ మధ్యాహ్నమంతా బండి మెట్టు మీద కూర్చుని ఆలోచించాడు. లోపమంతా స్టార్టింగులో ఉంది. తాళం తిప్పగానే అంటుకునే బండి అయితే ఆవిడకి అలకెందుకుంటుంది? ఎలాగైనా తన భార్యని ఈ బండిలోనే, ఈ సీటు మీదే కూర్చోబెట్టుకుని వంతెన దాటించాలి. కాళ్ళు బొత్తిగా పడిపోకముందే దాటించాలి. అలా అనుకుని లేచి కూతురికి ఫోన్ చేశాడు.

కూతురికి బండ్ల వైరింగు పని. బస్టాండు వెనక సొంత షాపుంది. నోరు అమ్మది, మొండితనం ఇద్దరిదీ.

"నాన్నా, దానికి పెట్టే ఖర్చుతో కొత్త పికప్ వస్తుంది. పోనీ, కొనేసుకో" అంది.

"మీ అమ్మ నా మీద అలిగింది కదా అని మీ అమ్మని మార్చానా?" అన్నాడు.

ఆ పిల్ల మర్నాడే పాత ఇనుము యార్డులో ఒక వ్యాను చూసొచ్చింది. దాదాపు కొత్తది. వెనకనుంచి ఏదో లారీ గుద్దితే బాడీ అప్పడమైపోయింది గాని ముందు భాగానికి ఈగ కూడా వాలలేదు. ఇంజిను, గేరుబాక్సు, స్టీరింగు, బ్రేకులు, వైరింగు అన్నీ అందులోంచి తీసి పాత బండి చాసిస్ చట్రం మీదికి దించాలన్నది పథకం. పైకి అదే ముసలి మొహం, లోపల పాతికేళ్ళ పడుచు గుండె. లేతు మేస్త్రి వచ్చి చుట్టూ తిరిగి చూసి, "బావా, ఇది బండి బాగుచేయడం కాదు. బొత్తాం దొరికింది కదా అని చొక్కా కుట్టించడం" అన్నాడు. అన్నాడే గాని మర్నాడు పొద్దున్నే గ్యాస్ కట్టర్‌తో దిగాడు.

ఇక ఆ షెడ్డులో మొదలైన పురాణం చెప్తే ఒడిసేది కాదు. పాత ఇంజిన్ని గొలుసులతో పైకి లాగుతుంటే బండాయన కళ్ళు మూసుకున్నాడు. కొత్త ఇంజిన్ పొట్టిది, పాతదాన్ని మోసిన ఇనప కాళ్ళ మీద కూర్చోదు. కొత్త కాళ్ళు వెల్డింగు చేయాల్సి వచ్చింది. ఇంజిన్ నుంచి వెనక చక్రాలను తిప్పే షాఫ్టు పొడుగైపోతే మేస్త్రి దాన్ని కోసి, అతికి, లేతు మీద తిప్పి తిప్పి వంకర తీశాడు. ఇంజిన్ని చెప్పుచేతల్లో ఉంచే కంప్యూటరు డబ్బాని కూతురు తడి తగలకుండా సీటు కింద పెడతానంది. అక్కడ రాళ్ళున్నాయి.

"రాళ్ళు తీసెయ్ నాన్నా."

"డబ్బా డాష్‌బోర్డు వెనక పెట్టుకో" అన్నాడాయన. డబ్బా డాష్‌బోర్డు వెనక్కే పోయింది.

అసలు గొడవ గేరు రాడ్డు దగ్గర వచ్చింది. కొత్త గేరుబాక్సుకి రాడ్డు నేలలోంచి వస్తుంది. అది సరిగ్గా బెంచీ సీటు నడిమధ్యలోకి తేలింది.

"ఇక్కడ రాడ్డేమిటి? ఇక్కడ మీ అమ్మ కూర్చుంటుంది" అన్నాడు బండాయన.

"తలుపు బాగుచేశాం కదా, ఇకనుంచి కిటికీ పక్కన కూర్చుంటుంది."

"తలుపు సంగతి నాకు తెలీదు. ఇక్కడ మీ అమ్మ కూర్చుంటుంది."

కూతురు చిలక్కి చెప్పినట్టు చెప్పింది. మేస్త్రి నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. ఆఖరికి అతికిన కాళ్ళు ఊడదీసి, ఇంజిన్ మొత్తాన్ని జానెడు ముందుకు జరిపి, రేడియేటరుకి కొత్త చోటు కోసి, రాడ్డుని వంచితే గాని ఆ సీటు ఖాళీ కాలేదు. అంతటితో ఊరుకున్నాడా? అవతలి తలుపు కింద, మోకాళ్ళ నొప్పులున్న మనిషికి అందేట్టు, ఒక ఇనప మెట్టు కూడా వెల్డింగు చేయించాడు. దాని మీద రబ్బరు పట్టా తనే అంటించాడు.

భార్య ఇదంతా చూస్తూనే ఉంది. టీ తెచ్చి షెడ్డు గుమ్మంలో పెట్టి, "నా సవతికి కొత్త గుండె పెడుతున్నారట, మోకాళ్ళేమైనా మిగిలితే చెప్పండి" అని వెళ్ళిపోయేది. మెట్టు మాత్రం చూసింది. దాని మీది రబ్బరు పట్టాని కాలి బొటనవేలితో నొక్కి చూసింది.

ఇక బ్రేకులు. వ్యానులోని డిస్కు బ్రేకులు నాలుగు చక్రాలకూ బిగించాలని కూతురు పట్టుబట్టింది. అవి బిగించాలంటే ఇరుసులు మళ్ళీ విప్పాలి.

"బ్రేకులెందుకే? ఆగడంలో నా బండి ఎప్పుడైనా ఫెయిలైందా?" అన్నాడాయన, ఎంతో నిజాయితీగా.

"నాన్నా, ఇప్పుడిది పరిగెత్తుతుంది. పరిగెత్తేదాన్ని ఆపాలి కదా!"

"నేను ఆపను."

"అయితే నేను వైరింగు చెయ్యను."

తండ్రి తల వంచాడు. ఇరుసులు విప్పారు, బ్రేకులు బిగించారు. పనికిమాలిన ఖర్చు అని ఆయన బిగిస్తున్నంతసేపూ గొణుగుతూనే ఉన్నాడు.

బండి షెడ్డులో పడి ఉన్న ఆ నెలల్లో వీధి దిక్కులేనిదైపోయింది. పొద్దున్నే బయటికి రావడానికి ఎవరికీ ఒక కారణం లేదు. టైలరుకి పొట్ట వచ్చింది. టీచరమ్మ పేపరు వేయించుకుంది. షెడ్డులోంచి అప్పుడప్పుడు సైలెన్సరు లేని కొత్త ఇంజిన్ చెవులు చిల్లులు పడేలా అరిస్తే, "అబ్బ, ప్రాణం ఉంది, ప్రాణం ఉంది" అని అందరూ సంబరపడేవారు. బండాయన కూడా ఆ అరుపే విని, పెరట్లో ముందుకీ వెనక్కీ నడిపి చూసుకుని మురిసిపోయాడు. సైలెన్సరుని మాత్రం కూతురు ఆఖరి రోజు పొద్దున బిగించి, అర్జంటు పనుందని చేతులు కడుక్కోవడానికి లోపలికి పోయింది. కొంప అక్కడే మునిగింది.

భార్యని ఎలా అడగాలో ఆయనకు తోచలేదు. పదేళ్ళ కిందట అడక్కండి అంది కదా. అందుకని అడగలేదు. షెడ్డు ముందు వాలులో ఇంజిన్ వెయ్యకుండానే బండిని గుమ్మం దాకా జారనిచ్చి, అవతలి తలుపు తీసి, పక్కన నిలబడి మెట్టుకేసి చూస్తూ ఉండిపోయాడు. వీధంతా అరుగుల మీదికి చేరింది. కాసేపటికి ఆవిడ బయటికొచ్చింది. మంచి బట్టలు కట్టుకుంది. చేతిలో క్యారియరు ఉంది.

"చెల్లెలికి చెప్పాను వస్తున్నానని. మీకోసం కాదు" అంది.

మెట్టు మీద కాలు పెట్టి, తలుపు పట్టుకుని, అమ్మయ్యా అంటూ ఎక్కింది. మధ్యలో ఖాళీ ఉన్నా కిటికీ పక్కనే బిగుసుకుని కూర్చుని, క్యారియరు ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులా వాటేసుకుంది.

ఆయన ఎక్కి, తాళం తిప్పాడు. ఇంజిన్ అంటుకుంది. అంటుకుంది గాని ఆ సంగతి ఎవరికీ తెలియలేదు. నలభై ఏళ్ళు పాత ఇంజిన్ పక్కన కూర్చున్న చెవులు ఆయనవి. కొత్త సైలెన్సరు కింద ఆ ఇంజిన్ పక్కింట్లో కుట్టు మిషనంత చప్పుడు కూడా చేయలేదు. చిన్న వణుకు లేదు, దగ్గు లేదు, పొగ లేదు. ఆయన మొహం మాడిపోయింది.

"అంటుకోలేదు" అన్నాడు, ఏడవలేక.

ఆ మాట వింటే వీధి ఆగుతుందా? "పట్టండర్రా!" అని టైలరు గావుకేక పెట్టాడు. ఇన్నాళ్ళ కరువు తీరేలా అందరూ వెనక్కి ఉరికారు. వాళ్ళందరికన్నా ముందు ఎవరు ఉన్నారనుకున్నారు? ఆవిడే! క్యారియరు సీటు మీద పెట్టేసి, ఆ మోకాళ్ళ నొప్పులు ఏమయ్యాయో గాని మెట్టు దిగి, వెనక తలుపుకి రెండు చేతులూ ఆనించేసింది. ఏం చేస్తుంది, ఒళ్ళు నేర్చుకున్న అలవాటు. లోపల ఆయన ఒళ్ళూ అంతే. రెండో గేరు వేశాడు, బండి కదలగానే క్లచ్ వదిలి యాక్సిలరేటరు తొక్కాడు.

బండి లేగదూడలా దూకింది.

టైలరు బోర్లా పడ్డాడు. టీచరమ్మ ఉన్నపళాన కూలబడింది. ఆవిడ మాత్రం, ముందుకి చాచిన చేతులు చాచినట్టే, రోడ్డు మధ్యలో నిలబడిపోయింది. చేతులు కడుక్కుని బయటికొచ్చిన కూతురు తడి చేతులు నెత్తిన పెట్టుకుంది.

బండిలో ఆయన "చూశావా, ఎలా దూకిందో!" అని పక్కకి తిరిగాడు. పక్కన క్యారియరు ఉంది. అద్దంలోకి చూశాడు. పాత అద్దం ఎప్పుడో పగిలిపోయింది, ఇది కూతురు పెట్టిన కొత్తది. అందులో భార్య కనపడింది. చేతులు ఇంకా దించలేదు. ఆ రోజు వంతెన మీద కూడా ఇలాగే నిలబడి ఉంటుందని, ఆ రోజు తనకి అద్దం లేదని ఆయనకు అప్పుడే తట్టింది. ఆపితే ఆగిపోతుందని నలభై ఏళ్ళ అలవాటు కాలు పట్టుకుని లాగింది. ఆగితే ఆగనీ అనుకుని బ్రేకు మీద ఎక్కి నిలబడ్డాడు.

నాలుగు చక్రాలూ అక్కడికక్కడే ఆగాయి. క్యారియరు కింద పడింది. ఆయన డాష్‌బోర్డు మీద అరచెయ్యి ఆనించి చూశాడు. లోపల సన్నగా కొట్టుకుంటోంది. చావలేదు. రివర్సు గేరు వేసి, మెల్లగా, ఆవిడ పక్కకి వచ్చే దాకా వెనక్కి నడిపాడు.

ఆవిడ కిటికీలోంచి ఆయన్ని ఎగాదిగా చూసింది.

"బండి మొరాయించిందా, మీరే ఆపారా?"

"నేనే ఆపాను."

"ఎందుకు?"

"నువ్వు ఎక్కలేదుగా మరి."

"ఈ ఆపడమేదో ఆ రోజు వంతెన మీదే ఆపి ఉంటే, చచ్చిన బండిని ఇంటిదాకా నేనే తోసుకొచ్చేదాన్ని కదండీ" అంది. అని, కళ్ళు తుడుచుకుని, మెట్టు ఎక్కి కూర్చుంది. క్యారియరు తీసి చూసుకుని, మూత ఊడనందుకు సంతోషించింది.

వీధి మలుపు తిరిగీ తిరగగానే "ఆపండి" అంది. ఆపాడు. "ఊఁ, పదండి" అంది. పాత స్నేహితురాలి గేటు ముందు ఆపించి అరగంట మాట్లాడింది. చెప్పులు కుట్టే అతని దగ్గర ఆపించి తెగిన చెప్పు ఇచ్చింది. ఏ పనీ లేని చోట కూడా రెండుసార్లు ఆపించింది. ఆయన విసుక్కోలేదు. ఇన్నేళ్ళలో ఆ దారిలో ఏయే దుకాణాలున్నాయో ఆయన కూడా నిదానంగా చూడడం అదే మొదలు.

వంతెన నడిమధ్యకి వచ్చాక మళ్ళీ "ఆపండి" అంది. ఆపాడు.

"ఇంజిన్ కూడా."

ఆయన భార్య మొహంకేసి చూసి, తాళం తిప్పి ఆపేశాడు. కింద నీళ్ళ చప్పుడు వినపడింది. ఆవిడ కిటికీ మీద మోచెయ్యి ఆనించి నదికేసి చూస్తూ కూర్చుంది. వెనక బండ్లు హారన్లు మోగించాయి. పాపం, ఎవరో లారీ డ్రైవరు, ఈ ముసలి బండి మొహం చూసి జాలిపడి దిగొచ్చి, చేతులు వెనక తలుపుకి ఆనించి "కానివ్వండి పెద్దాయనా, తోస్తాను!" అన్నాడు.

ఆవిడ కిటికీలోంచి తల బయట పెట్టింది.

"చెయ్యి తియ్యి నాయనా. పాడై ఆగలేదు. నేను ఆపమంటే మా ఆయన ఆపాడు."

అలా అని తల లోపలికి పెట్టుకుని, కిటికీ దగ్గర్నుంచి సీటు మధ్యలోకి జరిగింది. "ఇక పోనివ్వండి, చెల్లెలు ఎదురుచూస్తూ ఉంటుంది" అంది. ఆయన తాళం తిప్పాడు.